కీమో నెలల్లో మనసు: రొమ్ము క్యాన్సర్ చికిత్స, తిరుపతి నమ్మకాలు

క్లుప్తంగా: రొమ్ము క్యాన్సర్‌కు కీమో తీసుకునే ఐదారు నెలల్లో వచ్చే దిగులు, భయం, నిద్రలేమి గుండెధైర్యం చాలక వచ్చేవి కావు. మందులు పనిచేసే తీరు, రక్తకణాల కౌంట్లు పడిపోయే రోజులు, జుట్టు రాలడం, చేతిలో పని పోవడం, ఇంట్లో మాటలు తగ్గిపోవడం వీటికి ఎక్కువగా కారణమవుతాయి. భక్తి చాలామందిని నిలబెడుతుంది. అదే భక్తి ‘ఇది నా పాపానికి శిక్ష’ అన్న ఆలోచన వైపు తిరిగితే డిప్రెషన్ పెరుగుతుంది. ఆ తేడా తెలియాలంటే పేషెంటును ఎవరో ఒకరు అడగాలి.

అక్టోబర్ వస్తే పింక్ రిబ్బన్లు, ర్యాలీలు, స్క్రీనింగ్ క్యాంపులు మొదలవుతాయి. గడ్డను ముందే పట్టుకోమని చెప్పేవాళ్లకు కొదవ లేదు. గడ్డ బయటపడి కీమో మొదలయ్యాక ఆ మనిషి లోపల ఏం జరుగుతుందో మాత్రం పెద్దగా చర్చకు రాదు. అంతర్జాతీయ అంచనాల ప్రకారం 2022లో మన దేశంలో దాదాపు 1.92 లక్షల మంది మహిళల్లో కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది. అదే ఏడాది దాదాపు 98 వేల మంది ఈ జబ్బుతో చనిపోయారు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇక్కడ ఇది సుమారు పదేళ్లు ముందుగా వస్తోంది. అంటే పిల్లల చదువులు ఇంకా పూర్తికాని వయసులో, ఇంటి బరువంతా మీద ఉన్నప్పుడు.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో చికిత్స అందుబాటు గతంతో పోలిస్తే బాగా మెరుగుపడింది. టీటీడీ అండతో 1993లో మొదలైన స్విమ్స్ (శ్రీవేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ)లో క్యాన్సర్ విభాగాలున్నాయి. టాటా ట్రస్టుల సాయంతో కట్టిన శ్రీవేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి 2022 మేలో ప్రారంభమైంది. చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి) పొరుగూరితో సమానం. మందు ఖర్చులో పెద్ద భాగాన్ని ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ భరిస్తోంది. పలమనేరు నుంచో పుంగనూరు నుంచో తెల్లవారుజామున బస్సెక్కిన మనిషి రక్తపరీక్ష చేయించుకుని, రిపోర్టు కోసం కూర్చుని, మధ్యాహ్నానికి కీమో ఎక్కించుకుని, చీకటి పడ్డాక ఇల్లు చేరుతుంది. ఇంత ప్రయాణంలో ‘మనసెట్లా ఉందమ్మా?’ అని అడిగేవాళ్లు ఎదురుపడటం అరుదు.

## మందుకో క్యాలెండర్, దిగులుకో క్యాలెండర్

రొమ్ము క్యాన్సర్‌లో ఎక్కువగా వాడే ఒక పద్ధతిలో మొదట డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే రెండు మందులను రెండు లేదా మూడు వారాలకోసారి నాలుగు సైకిళ్లు (విడతలు) ఎక్కిస్తారు. తర్వాత పాక్లిటాక్సెల్‌ను వారానికోసారి పన్నెండు వారాలు ఇస్తారు. డాక్సోరుబిసిన్ చూడటానికి ఎర్రగా ఉంటుంది. అందుకే పేషెంట్లు దాన్ని ‘ఎర్ర మందు’ అంటారు. ఏ మందులు, ఎన్ని సార్లు అన్నది గడ్డ రకాన్ని, దశను బట్టి మారుతుంది.

కీమోతో పాటు వాంతులు రాకుండా, అలర్జీ రాకుండా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. మనసు సంగతిలో ఇది చేసే పని చాలా కుటుంబాలకు తెలియదు. స్టెరాయిడ్ ఒంట్లో ఉన్న రెండు మూడు రోజులు మనిషి హుషారుగా కనిపిస్తుంది, ఆకలి వేస్తుంది, ఎక్కువగా మాట్లాడుతుంది, రాత్రిళ్లు మాత్రం కన్ను మూతపడదు. అది ఆగిన మర్నాడో ఆ పైరోజో ఒక్కసారిగా నీరసం, చిరాకు, ఏడుపు వస్తాయి. ‘నిన్నటిదాకా బాగానే ఉన్నింది, ఈరోజు ఏమైందో’ అని ఇంట్లోవాళ్లు కంగారు పడతారు. కొందరు ‘కావాలనే చేస్తోంది’ అని కూడా అనేస్తారు. ఇది మందు దిగిపోయే క్రమంలో వచ్చే మార్పని ముందే తెలిస్తే, ఆ రెండు రోజులు అందరికీ కొంచెం తేలిగ్గా గడుస్తాయి.

రెండో వారంలో తెల్లరక్తకణాలు బాగా తగ్గుతాయి. ఈ రోజుల్లో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం వచ్చినా ఇంట్లో మాత్ర వేసి చూద్దామనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని డాక్టర్లు గట్టిగా చెబుతారు. ఆ హెచ్చరిక అవసరమే. దాంతో పాటే థర్మామీటర్ భయం కూడా ఇంట్లోకి వస్తుంది. గంటకోసారి నుదురు తాకి చూసుకోవడం, ఎవరైనా తుమ్మితే పక్క గదిలోకి వెళ్లిపోవడం, మనవడిని దగ్గరికి రానివ్వకపోవడం మొదలవుతాయి. మూడో వారానికి కాస్త కోలుకుని అన్నం రుచి తెలిసే వేళకు మళ్లీ సైకిల్ తేదీ వచ్చేస్తుంది.

మందు ఎక్కకముందే వాంతి రావడం ఇంకో విషయం. ఒకటి రెండు సైకిళ్లలో వాంతులతో బాగా బాధపడినవాళ్లకు ఆసుపత్రి స్పిరిట్ వాసన తగిలినా, ఆ బస్టాప్ కనిపించినా కడుపులో తిప్పుతుంది. ఇది నాటకం కాదు, పిరికితనమూ కాదు. ఒక వాసననో చోటునో మెదడు వాంతితో జోడించి గుర్తుపెట్టుకుంటుంది. దీన్ని ఆపడానికి మంచి దారి తొలి సైకిల్ నుంచే వాంతుల్ని గట్టిగా అదుపు చేయడం. ఒకసారి అలవాటుగా స్థిరపడితే మామూలు వాంతి మాత్రలు దీనిమీద అంతగా పనిచేయవు. రిలాక్సేషన్ పద్ధతులు, కొన్నిసార్లు ముందురోజు ఆందోళన తగ్గించే మాత్ర అవసరమవుతాయి. కాబట్టి తొలి సైకిల్ తర్వాత ఎన్నిసార్లు వాంతి అయిందో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. ‘సార్ కోప్పడతారేమో’ అని ‘బాగానే ఉంది సార్’ అనేవాళ్లే ఎక్కువ.

అలసట గురించి కూడా ఒక మాట. కీమో అలసట నిద్రతో తీరేది కాదు. చికిత్స వల్ల ఒంట్లో పెరిగే ఇన్‌ఫ్లమేషన్ (వాపు) రసాయనాలు మెదడు మీద కూడా పనిచేస్తాయి. జ్వరం వచ్చినప్పుడు ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం లాంటి స్థితి నెలల తరబడి సాగుతుంది. మాట నోటి దాకా వచ్చి మరిచిపోవడం, పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి గుర్తులేకపోవడం వంటివి చాలామందికి అనుభవం. నలభై దాటినవాళ్లలో కీమో వల్ల నెలసరి ఆగిపోయి, ఒంట్లో వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు కూడా తోడవుతాయి. ఇన్ని శారీరక కారణాలు ఒకేసారి మీద పడినప్పుడు మనసు మామూలుగా ఉండాలని ఆశించడమే అన్యాయం.

## చేతివేళ్లు, పాల డబ్బులు

పాక్లిటాక్సెల్ నరాల చివర్లను దెబ్బతీస్తుంది. వేళ్లు, పాదాలు తిమ్మిరెక్కుతాయి, సూదులు గుచ్చినట్లుంటుంది. వైద్య పుస్తకంలో ఇదొక సైడ్ ఎఫెక్ట్ మాత్రమే. చిత్తూరు పల్లెల్లో దీని అర్థం వేరు. ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్లు పాడి మీద నడుస్తాయి. తెల్లవారుజామున ఆవు కింద కూర్చుని పాలు పితకడం, కేంద్రానికి పోయడం, పదిహేను రోజులకు వచ్చే పాల డబ్బులు ఆడమనిషి చేతికి రావడం ఇక్కడి జీవితం. పొదుగు మీద వేళ్లకు పట్టు దొరకనప్పుడు పోయేది పని ఒక్కటే కాదు. ఆ ఇంట్లో ఆమెకంటూ ఉన్న ఆదాయం, ఆ డబ్బుతో వచ్చే మాట విలువ కూడా పోతాయి. కూలికి వెళ్లేవాళ్లకు, పూలు కట్టి అమ్మేవాళ్లకు, కుట్టుమిషన్ తొక్కేవాళ్లకు కూడా ఇదే కష్టం.

మందు ఉచితంగా అందుతున్నా బస్సు చార్జీలు, తోడు వచ్చినవాళ్ల కూలి నష్టం, బయట చేయించాల్సిన పరీక్షలు, తిండి ఖర్చు మిగిలే ఉంటాయి. ‘నా వల్ల ఇల్లు అప్పుల పాలవుతోంది’ అన్న అపరాధ భావన కీమో రోజుల్లో తరచూ వినిపించే మాటల్లో ఒకటి. కౌన్సెలింగ్ అంటే మంచి మాటలు చెప్పడమే అనుకుంటే ఈ బాధ తీరదు. పథకంలో ఏది వస్తుందో, ఏది రాదో కూర్చోబెట్టి వివరంగా చెప్పే సోషల్ వర్కర్ కూడా మనసుకు వైద్యం చేస్తున్నట్టే.

## గుండు: ఒకే రూపం, రెండు అర్థాలు

డాక్సోరుబిసిన్ మొదలైన రెండు మూడు వారాలకు జుట్టు రాలుతుంది. మెల్లగా పలచబడటం కాదు, దువ్వెన పెడితే పాయలు పాయలుగా చేతికొస్తుంది, పొద్దున లేచేసరికి దిండు నిండా వెంట్రుకలుంటాయి. రొమ్ము తీసేసినప్పటి కన్నా ఈ రోజుల్లోనే ఎక్కువగా కుంగిపోయే మహిళలు తక్కువేం కాదు. ఆపరేషన్ మచ్చ పైట కింద ఉంటుంది. జుట్టు పోతే జబ్బు వీధిలో అందరికీ తెలిసిపోతుంది. పైగా బోడితల ఆడమనిషికి అమంగళమన్న పాత భావన, వైధవ్యంతో దానికి ముడిపెట్టిన చరిత్ర ఇంకా పూర్తిగా పోలేదు. పెళ్లికి పిలుపు వచ్చినా వెళ్లకపోవడం, పేరంటాలకు దూరంగా ఉండటం వెనక ఇది ఉంది.

అయితే తిరుపతిలో దీనికి పూర్తిగా భిన్నమైన పరిస్థితి కూడా ఉంది. రైల్వేస్టేషన్‌లో, బస్టాండులో, హోటల్లో గుండుతో, తలకు గంధం పూసుకుని తిరిగే ఆడవాళ్లు ఇక్కడ రోజూ కనిపిస్తారు. వాళ్లను ఎవరూ తలతిప్పి చూడరు. కొండ మీద తలనీలాలు ఇచ్చి వచ్చారనే అనుకుంటారు. అదే గుండు పుణ్యానికి గుర్తు. బయటి ఊళ్లలో విగ్గు లేకుండా గడప దాటని పేషెంటు తిరుపతి వీధుల్లో స్వేచ్ఛగా నడవగలగడం చిన్న విషయం కాదు. ఆసుపత్రి కౌన్సెలింగ్ ఇవ్వలేని ఒక వెసులుబాటును ఈ ఊరు ఊరికే ఇస్తోంది.

జుట్టు రాలకముందే తలనీలాలు ఇచ్చేయాలనుకునేవాళ్లు కూడా ఉంటారు. మనస్తత్వశాస్త్రం కోణంలో దీనికి బలమైన కారణం ఉంది. జబ్బు లాక్కునేదాన్ని తామే ఇష్టపూర్వకంగా సమర్పించడం వల్ల ‘నా చేతిలో ఏమీ లేదు’ అన్న భావన తగ్గుతుంది. నష్టం మొక్కుగా మారుతుంది. కానీ సమయం చూసుకోవాలి. తెల్లకణాలు తక్కువగా ఉన్న రెండో వారంలో తల మీద బ్లేడు గీత పడితే ఇన్‌ఫెక్షన్ రావచ్చు, ప్లేట్‌లెట్లు తక్కువుంటే రక్తం ఆగదు. క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి జనం మధ్య ఉండటమూ ప్రమాదమే. కీమో మొదలుకాకముందే ఇవ్వడం, లేదా డాక్టరు కౌంట్లు చూసి సరేనన్నాక ఇవ్వడం క్షేమం. చికిత్స ముగిసిన మూడు నుంచి ఆరు నెలల్లో జుట్టు మళ్లీ వస్తుంది. ఆ కొత్త జుట్టునే స్వామికి ఇస్తానని మొక్కుకునే దారి కూడా ఉంది.

ఒక చిన్న విషయం ఇక్కడ తరచూ మరిచిపోతారు. కీమో ముందుకు సాగే కొద్దీ కనుబొమలు, కనురెప్పల వెంట్రుకలు కూడా చాలామందికి రాలతాయి. కొండకు వెళ్లొచ్చిన గుండుకు, కీమో గుండుకు తేడా అక్కడే తెలిసిపోతుంది. తల సంగతి తట్టుకున్న మనిషి అద్దంలో కనుబొమలు లేని ముఖం చూసుకుని కూలబడిపోవచ్చు. ఇవి కూడా రాలవచ్చని, మళ్లీ వస్తాయని మొదటి రోజే నర్సు ఒక మాట చెబితే ఆ దెబ్బ కొంత తగ్గుతుంది.

## ‘ఆమెకు చెప్పొద్దండి సార్’

రిపోర్టు తీసుకుని డాక్టరు గదిలోకి ముందు కొడుకో అల్లుడో వెళతాడు. ‘అమ్మకు గడ్డ అని మాత్రమే చెప్పినాం సార్, క్యాన్సర్ అని చెప్పొద్దండి, తట్టుకోలేదు’ అంటాడు. ప్రేమతోనే అంటాడు. బయట బెంచీ మీద కూర్చున్న ఆమెకు ఎదురుగా గోడ మీద బోర్డు కనిపిస్తూనే ఉంటుంది. పక్క మంచం మీది ఆవిడ ‘నీకెన్నో సైకిలమ్మా?’ అని అడుగుతుంది. తనకు తెలుసని పిల్లలకు తెలియనివ్వకుండా ఆమె, ఆమెకు తెలియదనుకుంటూ పిల్లలు నెలల తరబడి నటిస్తుంటారు.

ఫలితంగా భయం గురించి మాట్లాడే చోటే ఇంట్లో లేకుండా పోతుంది. ‘నాకేమైనా అయితే చిన్నదాని పెళ్లి ఎట్లా?’ అన్న ప్రశ్న నోరు దాటి రాదు. ఆడపిల్లలున్న ఇళ్లలో దాపరికానికి ఇంకో కారణం ఉంది. ఈ జబ్బు వంశంలో ఉందంటే సంబంధాలు రావన్న భయం. నిజానికి రొమ్ము క్యాన్సర్లలో వారసత్వ జన్యు లోపం వల్ల వచ్చేవి 5 నుంచి 10 శాతమే. ఆ అనుమానం ఉన్నవాళ్లకు జన్యు పరీక్షలున్నాయి. ఈ ఒక్క సమాచారం అందితే ఎందరో తల్లుల గుండె బరువు దిగుతుంది.

అన్నీ ఒకేసారి మొహం మీద చెప్పేయాలని కాదు. ‘మీ జబ్బు గురించి ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారమ్మా?’ అని పేషెంటునే అడగడం మంచి పద్ధతి. కొందరు ‘అంతా మా అబ్బాయికి చెప్పండి’ అంటారు. అదీ ఆమె తీసుకున్న నిర్ణయమే. అడగకుండా ఆమె తరఫున ఇంకొకరు తీసుకున్న నిర్ణయానికీ దీనికీ చాలా దూరం ఉంది.

## ఏ నమ్మకం నిలబెడుతుంది, ఏది కుంగదీస్తుంది

క్యాన్సర్ పేషెంట్ల ఆధ్యాత్మిక స్థితిని కొలవడానికి ప్రపంచవ్యాప్తంగా వాడే 12 ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది. దాన్ని ఫాసిట్-ఎస్‌పి అంటారు. అందులో ఎన్నిసార్లు గుడికి వెళతారు, ఎంతసేపు పూజ చేస్తారు అన్నవి కీలకం కాదు. జీవితానికి ఒక అర్థం ఉందనిపిస్తోందా, లోపల ప్రశాంతత ఉందా, నమ్మకం బలాన్ని ఇస్తోందా అన్న మూడు వైపుల నుంచి అడుగుతారు. ఈ పట్టికతో జరిగిన అధ్యయనాల్లో తరచూ కనిపించేది ఒకటే. అర్థం, ప్రశాంతత ఉన్నవాళ్లలో డిప్రెషన్ తక్కువ. కేవలం నమ్మకం ఎక్కువగా ఉందని చెప్పినంత మాత్రాన అంత రక్షణ కనిపించదు.

2009లో రొమ్ము క్యాన్సర్ ఉన్న మహిళల మీద వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం ఇంకా సూటిగా చెప్పింది. దేవుడు తనను వదిలేశాడు, శిక్షిస్తున్నాడు అనుకున్నవాళ్ల మానసిక స్థితి కాలం గడిచే కొద్దీ దిగజారింది. దేవుడిని తోడుగా భావించడం వల్ల స్పష్టమైన లాభం మాత్రం ఆ అధ్యయనంలో తేలలేదు. మన దగ్గర ఈ ‘శిక్ష’ ఆలోచనకు రూపం ‘ఏ జన్మలో ఏం పాపం చేసినానో’ అన్న మాట. నాగదోషమనో, మొక్కు తీర్చలేదనో, ఫలానా రోజు గుడికి రాకూడని స్థితిలో వచ్చావనో చుట్టాలు కారణాలు వెతుకుతారు. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించుకుంటే భయం తగ్గి తేలికపడేవాళ్లున్నారు. పూజ చేయించాక కూడా కౌంట్లు పడిపోతే ‘పూజ కూడా ఫలించనంత పాపినా?’ అని రెట్టింపు కుంగేవాళ్లూ ఉన్నారు. ఒకే పూజ ఇద్దరిలో ఇంత వేరుగా పనిచేస్తుంది కాబట్టే అడిగి తెలుసుకోవాలి.

సాయపడే వైపు కూడా అంతే స్పష్టంగా కనిపిస్తుంది. రోజూ ఒకే వేళకు విష్ణుసహస్రనామం వినడం, దీపం పెట్టడం, నమాజు, వాక్య పఠనం వంటివి చెదిరిపోయిన రోజుకు ఒక క్రమాన్ని ఇస్తాయి. నెమ్మదిగా సాగే జపంలో ఊపిరి నెమ్మదిస్తుంది, గుండె దడ తగ్గుతుంది. భజన బృందంలోని నలుగురు ఆడవాళ్లు ఇంటికి వచ్చి కూర్చుని అన్నమయ్య కీర్తన పాడితే, ఒంటరితనం అనే పెద్ద శత్రువు ఆ సాయంత్రానికి దూరమవుతుంది. వేలూరు సీఎంసీలో మత గురువుల సేవా విభాగం ఉంది, అడిగినవాళ్ల మంచం దగ్గరికి వచ్చి ప్రార్థన చేస్తారు. కొండ కింద ఊరిలోని ఆసుపత్రుల్లో పేషెంటు కోరుకున్నప్పుడు, ఆమె మతానికి తగినట్టుగా ఇలాంటి తోడు క్రమం తప్పకుండా దొరికే ఏర్పాటు ఎందుకు ఉండకూడదన్నది ఆలోచించాల్సిన విషయం.

నమ్మకం చికిత్సకు అడ్డుపడే సందర్భాలు మాత్రం ప్రాణం మీదికి తెస్తాయి. మూఢం పోయాక మొదలుపెడదాం, ఆషాఢం దాటనీ అని కీమో వాయిదా వేయడం వాటిలో ఒకటి. సర్జరీ తర్వాత 90 రోజులు దాటాక కీమో మొదలైనవాళ్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని 2016లో వెలువడిన పెద్ద అధ్యయనం చూపింది. మందులు పూర్తిగా మానేసి నాటు వైద్యాన్నే నమ్ముకోవడం ఇంకా ప్రమాదం. మామూలు చికిత్స వద్దని ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే తీసుకున్న రొమ్ము క్యాన్సర్ పేషెంట్లలో మరణ ముప్పు 5 రెట్లకు పైగా ఉందని 2018 నాటి అమెరికన్ పరిశోధన తేల్చింది. శనివారం ఒక్కపొద్దు, ఏకాదశి ఉపవాసం, రంజాన్ రోజా పాటించేవాళ్లు కీమో వారంలో నీళ్లు, ప్రోటీన్ తగ్గకుండా చూసుకోవాలి. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి వస్తానన్న మొక్కు రక్తహీనత ఉన్న నెలల్లో తీర్చేది కాదు. జబ్బు చేసినప్పుడు మినహాయింపు ఉందని పెద్దలు, పూజారులు, మౌల్వీలు చెబితే పేషెంటుకు అపరాధ భావన ఉండదు. ఆ మాట డాక్టరు నోట కన్నా వాళ్ల నోట వింటేనే ఎక్కువ పనిచేస్తుంది.

## ధైర్యంగా ఉంటే క్యాన్సర్ తగ్గుతుందా?

‘పాజిటివ్‌గా ఉండు, సగం జబ్బు అదే పోతుంది’ అన్న సలహా పేషెంటుకు రోజూ వినిపిస్తుంది. దీని వెనక ఒక పరిశోధన చరిత్ర ఉంది. గ్రూప్ థెరపీకి వచ్చిన ముదిరిన రొమ్ము క్యాన్సర్ పేషెంట్లు ఎక్కువ కాలం బతికారని 1989లో అమెరికాలో ఒక అధ్యయనం ప్రకటించింది. అది పెద్ద సంచలనం. అదే విషయాన్ని మరింత మందితో మళ్లీ పరీక్షించిన కెనడా అధ్యయనం 2001లో వచ్చింది. గ్రూప్ థెరపీ వల్ల దిగులు, నొప్పి బాధ తగ్గాయి, ఆయుష్షు మాత్రం పెరగలేదని అందులో తేలింది.

ఈ తేడా పేషెంటుకు ఎంతో ముఖ్యం. ధైర్యంతోనే జబ్బు తగ్గుతుందని నమ్మితే, జబ్బు తిరగబెట్టినప్పుడు తప్పు ఆమె మీదికే వస్తుంది. ‘నేను ఎక్కువ ఏడ్చినాను, అందుకే తగ్గలేదు’ అనుకుంటుంది. ఏడుపు వల్ల క్యాన్సర్ పెరగదు. మనసు బాగుండాలన్నది ఆమె నిద్ర కోసం, తిండి కోసం, ఆ నెలలు మనిషిలా గడపడం కోసం. పరోక్షంగా ఒక లాభం మాత్రం నిజం. డిప్రెషన్ ఉన్న పేషెంట్లు డాక్టరు చెప్పిన చికిత్సను పాటించకపోయే అవకాశం మూడు రెట్లు ఎక్కువని 2000లో వెలువడిన ఒక విశ్లేషణ చెబుతోంది. ‘ఇంక చాలు, నాకొద్దు’ అని మూడో సైకిల్ దగ్గర ఆగిపోయేవాళ్లలో ఎంతమందికి గుర్తించని డిప్రెషన్ ఉందో ఎవరూ చూడరు.

## దిగులా, డిప్రెషనా?

క్యాన్సర్ పేషెంట్లలో 30 నుంచి 40 శాతం మందికి ఏదో ఒక స్థాయి మానసిక సమస్య ఉంటుందని 2011లో వెలువడిన అంతర్జాతీయ విశ్లేషణ తేల్చింది. అయితే కీమోలో దీన్ని గుర్తించడం కష్టం. డిప్రెషన్ లక్షణాలుగా చెప్పే నిద్రలేమి, ఆకలి తగ్గడం, నీరసం, బరువు తగ్గడం అన్నీ కీమో వల్ల కూడా వస్తాయి. ‘కీమో కదా, మామూలే’ అని వదిలేస్తే డిప్రెషన్ ఉన్నవాళ్లు మరుగున పడతారు. ఈ చిక్కు తప్పించడానికే 1983లో బ్రిటన్‌లో ఒంటి లక్షణాలను పక్కనపెట్టి మనసు మీదే అడిగే 14 ప్రశ్నల పట్టిక తయారుచేశారు.

కాబట్టి ఇంట్లోవాళ్లు గమనించాల్సింది ఎంత తింటోందన్నది కాదు. మూడో వారంలో, ఒంట్లో కాస్త ఓపిక వచ్చిన రోజుల్లో కూడా దేనిమీదా ఆసక్తి లేకపోతే, మనవరాలు వచ్చి ఒళ్లో కూర్చున్నా ముఖంలో మార్పు లేకపోతే, ‘నేను ఎవరికీ పనికిరాను’, ‘ఇంతకన్నా పోవడమే మేలు’ అన్న మాటలు వస్తుంటే, అది రెండు వారాలకు పైగా సాగితే అది డిప్రెషనే అనుకుని చూపించాలి. చచ్చిపోతానన్న మాట ఏ సందర్భంలో వచ్చినా ఆరోజే సాయం కోరాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులో ఉచితంగా మాట్లాడతారు.

డిప్రెషన్‌కు మంచి మందులున్నాయి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఫ్లూయోక్సెటిన్, పారోక్సెటిన్ అనే రెండు మందులు, కీమో తర్వాత చాలామందికి ఏళ్ల తరబడి ఇచ్చే టామోక్సిఫెన్ అనే హార్మోన్ చికిత్స మాత్ర పనితీరును తగ్గించగలవు. వేరే మందులు ఉన్నాయి కాబట్టి భయపడి మానేయక్కర్లేదు. మానసిక వైద్యుడికి క్యాన్సర్ ఫైలు, క్యాన్సర్ డాక్టరుకు మానసిక వైద్యుడి చీటీ చూపించాలి. మందులు లేని పద్ధతుల్లో ధ్యానం, యోగా, సంగీతం ఆందోళనకు సాయపడతాయని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2018లో సమర్థించింది. యోగా చేసిన రొమ్ము క్యాన్సర్ పేషెంట్లలో కీమో వికారం తగ్గిందని బెంగళూరులో జరిగిన అధ్యయనం 2007లోనే ప్రచురితమైంది. ఇవన్నీ కీమోతో పాటు చేయాల్సినవి, కీమో బదులు కాదు.

## కీమో ఎక్కించే డే కేర్‌లో ఏం మారవచ్చు

ప్రతి ఆసుపత్రిలో ప్రతి పేషెంటుకు సైకాలజిస్టు అంటే ఇప్పట్లో సాధ్యం కాకపోవచ్చు. కానీ సున్నా నుంచి పది దాకా గీతలున్న థర్మామీటర్ బొమ్మ చూపించి ‘ఈ వారం మీ మనసు బాధ ఎంత?’ అని అడిగే పద్ధతి ఎన్నో దేశాల్లో ఉంది. నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ చెబితే మరింత వివరంగా మాట్లాడతారు. దీనికి ఒక కాగితం, రెండు నిమిషాలు చాలు. బీపీ, బరువు రాసే చోటే ఇదీ రాయవచ్చు. నమ్మకాల గురించి అడగడానికి కూడా పొడవాటి ప్రశ్నలు అక్కర్లేదు. కష్టంలో మీకు బలాన్నిచ్చేది ఏది, అది ఇప్పుడు ఎంత ముఖ్యం, మీకు తోడుండే మనుషులెవరు, చికిత్సలో మేం గుర్తుంచుకోవాల్సిన మీ ఆచారం ఏదైనా ఉందా అని నాలుగు మాటలు చాలు. ఆ సమాధానాల్లోనే తలనీలాల మొక్కు, ఒక్కపొద్దు, మూఢం భయం, పాపం లెక్క అన్నీ బయటికొస్తాయి. కొన్నింటికి పరిష్కారం ఒక తేదీ మార్చడమే.

ఈ పని నర్సులు చేయగలరు. సూది గుచ్చేదీ, గంటల తరబడి సెలైన్ చూసేదీ వాళ్లే. ‘సిస్టర్’ అని పేషెంటు మనసు విప్పేది కూడా ఎక్కువగా వాళ్ల దగ్గరే. అందుకు తగిన శిక్షణ, సమయం ఇవ్వకుండా వాళ్ల మీద ఇంకో రిజిస్టరు మోపితే ఫలితం ఉండదు. చికిత్స పూర్తి చేసుకున్న మహిళలను వారానికోసారి డే కేర్‌కు పిలిపించి కొత్తవాళ్లతో కూర్చోబెట్టడం ఇంకా తేలిక. పలచగా మొలిచిన జుట్టుతో ఎదురుగా కూర్చున్న ఒక అక్క ‘నాకూ ఇట్లాగే అయింది, తర్వాత సర్దుకుంది’ అంటే కలిగే నమ్మకం కరపత్రంతో రాదు.

చివరి సైకిల్ తర్వాతి వారాల్లో కూడా ఈ ప్రశ్నలు ఆగకూడదు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుని కొండకు వెళ్లే ఏర్పాట్లలో ఉండగా పేషెంటు మాత్రం దిగులులో పడటం తరచూ జరుగుతుంది. ఇన్నాళ్లు ఏదో ఒక మందు పోరాడుతోందన్న భరోసా ఉండేది, వారం వారం చూసే డాక్టరు ఉండేవాడు. ఇప్పుడు మూడు నెలలకోసారి రమ్మంటారు. మళ్లీ వస్తుందేమోనన్న భయం అప్పుడే మొదలవుతుంది, ప్రతి చెకప్ ముందు రాత్రి నిద్ర పట్టదు. రేడియేషన్, హార్మోన్ మాత్రల ఫైలు తెరిచిన రోజున మనసు బాధ ఎంత ఉందో మళ్లీ అడిగి, ఆ అంకెను అదే ఫైలులో రాయాలి.